పొందిక, పొసగుట, సమన్వయము: ఒక పదకుటుంబపు ప్రయోగ విచారము

అలంకార పాఠము చెప్పని తెలుగు అధ్యాపకుడు ఉండడు. మొదట లక్షణము చెప్పుదుము. పిదప లక్ష్యము చూపుదుము. తరువాత నల్లబల్లపై ‘సమన్వయము’ అని వ్రాసి, ఉపమేయ మిది, ఉపమాన మిది, సమానధర్మ మిది అని వేరుపరచి ముగింతుము. విద్యార్థి పదవ తరగతి మొదలుకొని స్నాతకోత్తర పరీక్షవరకు ఈ మూడు మెట్లే ఎక్కుచుండును. ఇక్కడ సమన్వయ మనగా లక్షణము లక్ష్యమునందు కుదిరినదని నిరూపించుట. కుదురకపోయినచో ఏమి చేయవలెనో ఆ పాఠమున లేదు. ఇన్నేండ్ల అధ్యాపకత్వమున ‘సమన్వయము: కుదురలేదు’ అని వ్రాసిన జవాబుపత్రమును నేను ఒక్కదానినైనను చూడలేదు.

ఇది బడిపిల్లల ముచ్చటగా మిగిలిపోయిన చింత లేదు. కాని ఈ అలవాటే మన పరిశోధనమునకును సంక్రమించినది. సిద్ధాంతవ్యాసముల ఉపసంహార ప్రకరణమును తెరచిచూడుడు. కవి సంప్రదాయాధునికతలను సమన్వయించెను, భక్తిజ్ఞానములను సమన్వయించెను, మార్గదేశి రీతులను సమన్వయించెను. ఏ కవిని తీసికొన్నను ఆయన ఏవో రెండింటిని సమన్వయింపక మానడు. ఆ రెండును నిజముగా ఒకదానితో ఒకటి పొసగినవా, లేక ఒకటి రెండవదానికి లోబడినదా, లేక రెండును ఎడమొగము పెడమొగముగా ఒకే కావ్యమున కాపురముండినవా అను విచారము ఆ మాటతో ఆగిపోవుచున్నది. ఈ వ్యాసమున నేను ప్రతిపాదింపదలచిన దింతే: పొందికను తెలుపు తెలుగుమాటలు మనకు చాల కలవు, అవి పర్యాయపదములు కావు, వాని వ్యాకరణమే వాని అర్థమును వేరుచేయుచున్నది, సమన్వయ శబ్దము వానినన్నింటిని తొలగించి ఒంటరిగా నిలిచినపుడు విమర్శకుడు అడుగవలసిన ముఖ్యమైన ప్రశ్న మరుగుపడుచున్నది.

గ్రంథస్థ ప్రయోగములతోపాటు కడప జిల్లా వేముల మండలమందలి తుమ్మలపల్లె, దాని చుట్టుపట్ల పల్లెల వాడుకను కూడ ఈ విచారమునకు ఆధారముగా గ్రహించితిని. అది మెట్టసేద్యపు సీమ. ఎద్దు, కాడి, బావి, త్రాడు అనువానినుండి పుట్టిన మాటలు అక్కడ ఇంకను పెద్దల నోట నున్నవి. అంతేకాక అక్కడ 2007లో యురేనియము గనికి, శుద్ధి కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. దానితో పాలనాభాషయు, పత్రికాభాషయు ఊరిలోనికి వచ్చినవి. ఒకే ఊరిలో రెండు పదజాలములు ఎదురుబొదురుగా వినవచ్చుట భాషావిద్యార్థికి అరుదుగా లభించు సదుపాయము.

ముందుగా మిక్కిలి సామాన్యమైన మాటను తీసికొందము. అది ‘పడు’. ‘మాకూ వాండ్లకూ పడదు’ అందురు. ‘ఆ మందు నాకు పడలేదు’, ‘ఈ ఊరి నీళ్ళు వానికి పడలేదు’ అందురు. ఇందు గమనింపదగినవి మూడు కలవు. సంబంధించిన పక్షములు రెండును చతుర్థ్యర్థమున నుండును, మాకు, వాండ్లకు. ఎవడును కర్త కాడు, ఎవడును కర్మ కాడు. రెండవది, ఈ అర్థమున ఈ క్రియ తరచుగా వ్యతిరేకరూపముననే వినబడును. ‘వాండ్లకు బాగా పడుతుంది’ అనుట తప్పు కాదు గాని అరుదు. మూడవది అన్నింటికంటె ముఖ్యము: ఈ అర్థమున దీనికి ప్రేరణరూపము లేదు. ఏర్పడుటకు ఏర్పరచుట కలదు, స్థిరపడుటకు స్థిరపరచుట కలదు. ఒంటరిగా నిలిచిన ఈ ‘పడు’కు అట్టి తోడు లేదు. పడవేయుట, పడగొట్టుట అనునవి వేఱు అర్థములకు పోవును. అనగా ఇద్దరికి పడుట పడకపోవుట వారి మధ్య జరుగవలసినదే గాని మూడవవాడు చేయగలది కాదని ఈ మాట నిర్మాణమే చెప్పుచున్నది.

ఈ మాటకే ఆ సీమలో మరొక ముఖ్యార్థము కలదు. బోరు వేసినపుడు ‘నీళ్ళు పడినాయి’ అందురు. ఎండిన గొట్టము మిగిలినపుడు ‘పడలేదు’ అందురు. నీరు దొరకుటకును, నీరు ఒంటికి సరిపడుటకును ఒకే క్రియ. సందర్భము లేక విన్నవానికి ‘నీళ్ళు పడలేదు’ అను వాక్యము ద్వ్యర్థియే. దీనిని శ్లేష అనరాదు, వాడువారు చమత్కారముగా వాడుట లేదు గనుక. అయినను మెట్టసీమ రైతునకు ఈ రెండును ఎంత దగ్గరవో ఆ వాక్యము తెలుపుచున్నది.

‘పొసగు’ ఈ జాతిలోనిదే. కావ్యభాషలో పొసగ, పొసగునట్లు, పొసగించి అను రూపములు విరివిగా నున్నవి, ప్రేరణమును కలదు. వాడుకలో మాత్రము ‘పొసగదు’ ఒక్కటే మిగిలినది. ‘పొంతన’ నామమైనను దీని త్రోవనే పోయినది: మాటకును చేతకును పొంతన లేదు, నిన్నటి లెక్కకు నేటి లెక్కకు పొంతన లేదు. ఇక్కడను రెండు చతుర్థులు, ఇక్కడను లేమియే. జాతకముల పొంతన చూచునప్పుడు మాత్రము ఇది ఉనికిని తెలుపుచున్నది. ఆ ఒక్క సందర్భమున ఉండుటకు కారణము స్పష్టము: పొంతన కలదో లేదో ముందే పరీక్షించు శాస్త్ర మొకటి అక్కడ ఉన్నది. తమిళమున వివాహవిషయమున వాడు ‘పొరుత్తం’ అను మాటయు, సహకారము సర్దుబాటు అను అర్థముల కన్నడమున వాడు ‘హొందికె’యు మన ‘పొందిక’కు జ్ఞాతులు. పూర్వకన్నడపు పకారము మధ్యకాలమున హకారమైనదని తెలిసినవారికి పొందు, హొందు అనువాని చుట్టరికము వేఱుగ చెప్పనక్కరలేదు. పొందు అను ధాతువు తెలుగున లభించుట అను అర్థమునకే హెచ్చుగా పోయి, కలయిక అను అర్థమును ‘పొందిక’ అను నామమునకు అప్పగించినది.

తరువాత చెప్పవలసినది ‘కుదురు’. నామముగా ఇది కుండను నిలుపుటకు క్రింద పెట్టు చుట్ట. గుండ్రని అడుగుగల కుండ తనంతట నేలపై నిలువదు. కుదురు దానికి చోటు కల్పించును. క్రియగా పెండ్లి కుదురును, బేరము కుదురును, జ్వరము కుదురును. ‘నీ రోగం కుదిరింది’ అను ఎత్తిపొడుపున దీని మేలు తలక్రిందైనది గాని భావము చెడలేదు: కదలుచున్నది ఒకచోట నిలిచినది. దీనికి ‘కుదుర్చు’ అను ప్రేరణము కలదు. అనగా పడుట వలె కాక, పెద్దమనిషి యొకడు నడుమ కూర్చుండి చేయదగిన పని. బేరము కుదుర్చువాడు కలడు. పడునట్లు చేయువాడు లేడు. ఊరివారు ఈ రెండింటిని ఎన్నడును తారుమారు చేయరు. ‘పంచాయితీలో కుదిర్చినారు గాని వాండ్లకు పడదు’ అను వాక్యము ఆ సీమలో ఎవరికిని వింతగా తోచదు. మన విమర్శలో ఈ వాక్యమునకు సమానమైనది వ్రాయుట ఎంత కష్టమో ఆలోచింపుడు. ‘సమన్వయించెను గాని సమన్వయము కాలేదు’ అని వ్రాసినచో పరీక్షాధికారి ఎఱ్ఱసిరాతో గీత గీయును.

కుదురుట అనగా సమానమగుట కాదని చూపుటకు కపిలను మించిన ఉదాహరణము లేదు. కపిలలు పోయి మోటార్లును, పిదప బోరుబావులును వచ్చినవి గనుక నేటి విద్యార్థులకు దాని పనితీరు కొంత చెప్పవలసియున్నది. బావిగట్టునుండి పల్లముగా దిగు దారిలో ఎద్దుల జత నడచును. అవి లాగు తోలుబాన అడుగున తొండ ముండును. బానను లాగు మోకు ఒకటి. తొండపు కొనను పట్టియుంచు సన్నత్రాడు మరియొకటి. రెండును ఒకే కాడికి చేరును. బాన బావిలోనుండి వచ్చునంతసేపు తొండము మడిగి, దాని కొన బాన అంచు ఎత్తున నిలువవలెను. లేనిచో నీరంతయు దారిలోనే బావిలోనికి కారిపోవును. బాన పైకి చేరిన క్షణమున, గట్టు అంచున నున్న క్రింది ఉరుళ్ళ మీదుగా సన్నత్రాడు తొండమును తొట్టిలోనికి లాగగా, మనిషి చేయి తగులకయే నీరు కుమ్మరింపబడును. మోకు పోవు దారి వేఱు, సన్నత్రాడు పోవు దారి వేఱు; రెండు త్రాళ్ళును ఒకే కొలతకు కోసినచో కపిల సాగదు. కొలతలు వేఱై, లావులు వేఱై, త్రోవలు వేఱై, ఒకే అడుగుకు కదలవలెను. దానినే త్రాళ్ళు కుదిరినవి అందురు. మెట్టచేని పనిలోను ఇట్టిదే కలదు. గొర్రుతో సాళ్ళు వేసినప్పటి ఎడమునకు, తరువాత ఆ సాళ్ళ నడుమ కలుపు తీయుటకు నడుపు గుంటక వెడల్పునకు పొంతన ఉండవలెను. లేకున్న కలుపుతోపాటు పైరును తెగును. ఇట్టి పదములను జిల్లాల వారీగా సేకరించి భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వ్యవసాయ పదములతో, 1971లో చేనేత పదములతో మాండలిక వృత్తిపదకోశమును వెలువరించిరి. వస్తువుల పేర్లకొఱకు ఆ సంపుటములను చూచుట మనకు అలవాటైనది. ఆ వస్తువులను ఒకదానితో ఒకటి కలుపు క్రియలకొఱకు వానిని చదివినవారు తక్కువ.

ఇక కర్త గల మాటలు. కూర్చు, అమర్చు, పొందుపరచు, మేళవించు. ఇక్కడ చతుర్థులు రెండు లేవు. ఒక చేయి ఉన్నది. ఆ చేతిక్రింద వస్తువులు కర్మలై ఉన్నవి. పూలు తమకు తాము దండయగుటకు ఒప్పుకొన్నవా అని ఎవరును అడుగరు. అమర్చుటలో ఒక్కొక్క వస్తువునకు ముందే చోటు నిర్ణయమై యుండును; నగలో రాయి అమరుట అట్టిది. కూర్చుటలో చోటు కంటె వరుస ముఖ్యము. అందుచేతనే గ్రంథముల ముద్రణమును ‘రెండవ కూర్పు’ అనుటయు, చలనచిత్రములలో దృశ్యముల వరుసను నిర్ణయించువాని పనిని ‘కూర్పు’ అనుటయు చక్కగా అతికినవి. ఆధునికకాలమున మనము చేసికొన్న మంచి పదప్రయోగములలో ఈ రెండవదానిని నేను లెక్కింతును. మేళవించుట సంగీతమునుండి బలము తెచ్చుకొన్నది. రామామాత్యుడు 1550లో రచించిన గ్రంథమునకు స్వరమేళకళానిధి యని పేరు. తరువాతి శతాబ్దమున వేంకటమఖి చతుర్దండిప్రకాశికలో డెబ్బదిరెండు మేళములను ఏర్పరచెను. మేళమున స్వరములు కలసియుండును గాని ఏ స్వరమును తన స్థానమును విడువదు. ప్రొద్దుటూరి పుట్టపర్తి నారాయణాచార్యులవారి శివతాండవమున సంస్కృత సమాసములును అచ్చతెలుగు నడకయు కలసిన తీరునకు మేళవింపు అను మాట సరిపోవును. దానిని సంస్కృతాంధ్రముల సమన్వయ మని వ్రాసిన వాక్యములు చదివినపుడు, ఏదో తగవు తీర్చినట్లు తోచునే గాని చెవికి ఏమియు వినబడదు.

కూర్పునకు సంబంధించి కడపతో ముడిపడిన ఒక కథ మనకు మిక్కిలి ఉపయోగించును. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820లో కడపకు ఉద్యోగియై వచ్చెను. తరువాత సొంత వ్యయమున పండితులను నిలిపి, వ్రాతప్రతులను తెప్పించి, పాఠములను సరిపోల్పించెను. 1829లో వేమన పద్యములను 693గా ప్రకటించెను; 1839 నాటి ముద్రణమున అవి 1164 అయినవి. పది సంవత్సరములలో ఆ సంఖ్య అంత పెరుగుటకు ఆధారములు పెరుగుటయు ఒక కారణమే. ఏది వేమనది ఏది కాదు అను హద్దు కదలుటయు ఒక కారణమే. నాకు ఇక్కడ కావలసినది బ్రౌనును మెచ్చుట గాని తప్పుపట్టుట గాని కాదు. పది ప్రతులలో పది విధములుగా నున్న పద్యమును పరిష్కర్త ఒక రూపమునకు తెచ్చినపుడు జరిగిన పని కూర్చుట. దానికి కర్త కలడు. ఓడిన పాఠములు కలవు. పరిష్కర్త నిజాయితీ గలవాడైనచో ఓడిన పాఠములను పుట అడుగున చూపును. అదే పనికి ‘పాఠసమన్వయము’ అని పేరు పెట్టినప్పుడు పాఠములు తమంతట తామే ఒప్పుకొని ఏకమైనట్లు ధ్వనించును. పుట అడుగున చూపవలసిన అగత్యము కూడ తగ్గినట్లనిపించును. పేరులోనే ఇంత కలదు.

మూడవ తెగ మాటలు మరింత జాగ్రత్తగా చూడదగినవి. ఇముడు, ఒదుగు, ఒద్దిక, అనువు, సర్దుకొను. వీనిలో పొందిక కలుగుట నిజమే. కాని రెండు పక్షములలో ఒకటి తన ఆకారమును మార్చుకొనవలెను. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు అను సామెతలో ఒర మారదు, కత్తులే మారవలెను. అవి మారవు గనుక ఇమడవు. పాత్ర మారదు, దానిలోని వస్తువే మారును అనుట ఇముడుటకు మూలము. ‘ఒద్దిక’ నిఘంటువులలో సఖ్యమునకును అనుకూలతకును చెప్పబడినది. నేటి వాడుకలో ఒద్దిక ఎవరికి చెప్పుచున్నారో గమనింపుడు: ఒద్దికగల కోడలు, ఒద్దికగల పిల్ల. ఒద్దికగల మామ అను ప్రయోగమును నేను ఇంతవరకు వినలేదు. అట్లే ‘సర్దుకొని పొమ్మను’ హితవు ఇంటిలో ఎవరికి వినబడునో అందరికి తెలిసినదే. ఇద్దరి మధ్య నుండవలసిన గుణము ఒకరి నడవడియై కూర్చున్నది. నిఘంటువు ఈ మార్పును చెప్పదు. ఎవరిని విశేషించుటకు ఆ మాట వాడుచున్నారో లెక్కించినవానికే అది తెలియును. స్త్రీల రచనలపై పరిశోధించుచు ‘కుటుంబ సమన్వయము’ అని ప్రకరణశీర్షిక పెట్టు విద్యార్థి, ఆ నవలలో జరిగినది కుదురుటయా ఒదుగుటయా అని మొదట తేల్చుకొనవలెను. రెండింటికి మధ్య నవల యంతయు ఉన్నది.

ఈ మూడు తెగలకును చేరనిది ‘పొత్తు’. ప్రాచీన ప్రయోగములందు పొత్తనగా ఒకే కంచమున కలసి భుజించుట కూడ. ఆ అన్నపు సంబంధము పోయి, సేద్యపు భాగస్వామ్యము నిలిచి, నేడు వార్తాపత్రికలలో ఎన్నికల పొత్తుగా స్థిరపడినది. ఎన్నికల పొత్తునకు పొత్తు అను మాట తగినదే యని నా అభిప్రాయము. కలసి తినుట ఉన్నది. కంచము ఖాళీయైన పిదప లేచిపోవుటయు ఉన్నది.

సంస్కృతమునుండి వచ్చిన మాటలన్నియు అర్థమును చెరపునవని నేను చెప్పుట లేదు. ‘సామరస్యము’ను చూడుడు. వీరశైవమున లింగాంగసామరస్య మనగా రెండు వస్తువులు స్నేహముగా నుండుట కాదు. అంగము లింగమున కలసి రెండను భేదమే పోవుట. అంత తీవ్రమైన మాటను నేడు మతసామరస్య మని ఇరుగుపొరుగు మతములవారు తగవు లేక బ్రదుకుటకు వాడుచున్నాము. ఉగాదినాడు దేవుని కడప వేంకటేశ్వరాలయమునకు ముస్లిములు వచ్చి పూజలు చేయించుటను పత్రికలు ప్రతి సంవత్సరము ఈ మాటతోనే వర్ణించును. కాని అక్కడి జనుల నమ్మకము వేఱు మాటతో సాగుచున్నది. బీబీ నాంచారి తమ ఇంటి ఆడబిడ్డ. స్వామి తమ అల్లుడు. ఇది వియ్యము. కయ్యమునకైనను వియ్యమునకైనను సమానులు కావలెనన్న సామెతలో చెప్పినట్లు వియ్యమున రెండు పక్షములును నిలిచియుండును. వేళాకోళము లుండును, అలకలుండును, మర్యాద లుండును. సామరస్య మన్నప్పుడు ఇవి ఏవియు కానరావు. ఒక సంబంధమును దానిని పాటించువారే ఏ మాటతో పిలుచుచున్నారో అడుగకుండ మన మాటను దానిపై పెట్టుట విమర్శలో చిన్న లోపము కాదు.

సమన్వయ శబ్దమునకు కూడ ఘనమైన చరిత్ర కలదు. అన్వయ మనగా వెంట నడచుట. సమ్, అను అను ఉపసర్గములతో గత్యర్థకమైన ఇ ధాతువునుండి సమన్వయ మేర్పడినది. బ్రహ్మసూత్రములలో మొదటి అధ్యాయపు మొదటి పాదమున నాల్గవ సూత్రము ఈ శబ్దముపైననే నిలిచినది. ఉపనిషద్వాక్యము లన్నింటి తాత్పర్యమును బ్రహ్మమునందే చేరుచున్నదని అక్కడి భావము. అనగా అక్కడ వాక్యములు పెక్కు, గమ్యము ఒకటి. ఆ గమ్యము ముందే నిశ్చితము. శాస్త్రమున ఇది దోషము కాదు, శాస్త్రము పని అదియే. కావ్యమునకు అట్టి ముందే నిశ్చితమైన గమ్యము లేదు. శాస్త్రపు పనిముట్టును కావ్యమునకు తెచ్చినపుడు గమ్యమును విమర్శకుడే కల్పింపవలసివచ్చును. పద్యమును గద్యక్రమమున చదువుకొనుటకు చేయు అన్వయము మాత్రము నిర్దోషము; అక్కడ ఏ పదమును పోదు, వరుసయే మారును.

ఇప్పుడు మన సాహిత్యచరిత్రలోని ఒక ప్రసిద్ధవిషయమునకు వత్తము. తిక్కన తన భారతమును హరిహరనాథునికి అంకితము చేసెను. దీనిని శైవవైష్ణవ సమన్వయ మని చాలమంది వ్రాసిరి. హరిహరాద్వైత మనియు వ్రాసిరి. ఈ రెండు మాటలును ఒకటి కావు. సమన్వయ మన్నచో రెండు మతములు, వానిని కలిపిన తిక్కన అను మధ్యవర్తి ఉందురు. అద్వైత మన్నచో కలుపుటకు రెండు లేవు. రెండని భ్రమించువారే ఉన్నారు. పదమూడవ శతాబ్దమున శైవ వైష్ణవులకు పడకుండెనని చరిత్రకారులు చెప్పుదురు. హరిహరనాథుని కొలుచుటచే వారికి పడినదా అనునది చరిత్ర ప్రశ్న. దానికి చరిత్రాధారములు చూపవలెను. తిక్కన కావ్యమున ఆ రూపము ఎట్లు నిలిచినదనునది విమర్శ ప్రశ్న. దానికి కావ్యమునే చూపవలెను. సమన్వయ మను ఒక్క మాట ఈ రెండు ప్రశ్నలకును జవాబు చెప్పినట్లు నటించుచున్నది. దేనికిని చెప్పుట లేదు.

వేమన విషయమున ఈ చిక్కు ఇంకను పెద్దది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి ఉపన్యాసములు మొదలుకొని వేమనపై మంచి విచారము జరిగినది. ఆయనను యోగి యనిరి, సంస్కర్త యనిరి. ఇటీవలి వ్యాసములలో ‘సమన్వయకర్త’ యగుటయు ఆరంభమైనది. వేమన పద్యములలో ఒకచో స్తుతింపబడినది మరొకచో తెగడబడుట కలదు. దానికి పరిష్కర్తల చేయి కారణము కావచ్చును, పలువురు కర్తలుండుట కారణము కావచ్చును, ఒకే మనిషి వేఱు వేళల వేఱుగ తలచుట కారణము కావచ్చును. ఈ మూడింటిని వేరుచేయుట కష్టము. కష్టమైన పనిని ‘సమన్వయించెను’ అను క్రియతో దాటిపోవుట సులభము. పులివెందుల సీమలోనే పైడిపాలెమున జన్మించిన రాచమల్లు రామచంద్రారెడ్డిగారు (1922–1988) ఇట్టి దాటివేతను సహింపనివారు. సారస్వత వివేచన చదివినవారెవ్వరును ఆయన మర్యాదకొఱకు రెండింటిని కలిపెనని అనజాలరు. ఆయన తీర్పులలో కొన్ని నాకు పొసగవు. ఆయనతో పొసగకపోవుటకు వీలుండుటయే ఆ గ్రంథమువలన నాకు కలిగిన మేలు. ఎక్కడ విడిపోవలెనో తెలియునట్లుగా ఆయన వ్రాసిరి.

తుమ్మలపల్లెకు తిరిగివత్తును. 2011లో అణుశక్తి సంఘపు అధ్యక్షుడు అక్కడ 49,000 టన్నుల యురేనియము నిల్వ నిర్ధారితమైనదని, అది మరికొన్ని రెట్లు కావచ్చునని ప్రకటించెను. ఆ ఊరి పేరు ప్రపంచమునకు తెలిసినది. తరువాతి సంవత్సరములలో వ్యర్థములు నిల్వచేయు చెరువునకు చేరువనున్న పల్లెల రైతులు బోరునీరు చెడినదనియు, అరటితోటలు దెబ్బతినుచున్నవనియు చెప్పిరి. తమ కర్మాగారము దానికి కారణము కాదని సంస్థ చెప్పినది. ఎవరి మాట నిజమో తేల్చుట రసాయనశాస్త్రజ్ఞుల పని, నాది కాదు. నేను చూచినది ఆ వార్తల భాషను. ఒక వైపు ‘ఈ నీళ్ళు చెట్లకు పడలేదు’ అను మాట. దానిలో నీళ్ళు ఉన్నవి, చెట్లు ఉన్నవి. సమ్మతింపవచ్చును, కాదనవచ్చును, పరీక్షింపవచ్చును. రెండవ వైపు ‘సంబంధిత శాఖలు సమన్వయముతో పనిచేసి సమస్యను పరిష్కరింపవలెను’ అను వాక్యము. ఈ వాక్యము తుమ్మలపల్లెకే ప్రత్యేకము కాదు. వరదకును, జాతరకును, పరీక్షల నిర్వహణకును ఇదే వాక్యము. దీనిని కాదనుటకు వీలు లేదు, పరీక్షించుటకు వీలు లేదు. పాలనలో పెక్కు శాఖలు కలసి పనిచేయుటకు ఒక పేరు కావలెను. ఆ పనికి సమన్వయ మను మాట చెల్లును. నా అభ్యంతరము ఆ వాక్యపు నిర్మాణము మన ఉపసంహార ప్రకరణములలో కూడ అచ్చముగా ఇట్లే యుండుటకు.

మొన్న పరిశోధక విద్యార్థి యొకనికి, అతడు ఆ ప్రాంతపువాడే, ఆ వార్తావాక్యమును ఇచ్చి మీ ఊరి మాటలో వ్రాసి తెమ్మంటిని. అతడు చాలసేపు కాగితము ముందర పెట్టుకొని కూర్చుండి, చివరకు లేచి వచ్చి, ‘ఎవరికి ఎవరితో అని వ్రాయమంటారు సార్?’ అని అడిగెను. ఆ వాక్యమున మరల చూచితిమి. ఆ రెండును అందు లేవు. అతని సిద్ధాంతవ్యాసపు ఐదవ ప్రకరణమును ప్రక్కన పెట్టుకొని చదివితిమి. అందులోను లేవు. అతడు ఆ ప్రకరణమును తిరిగి వ్రాయుచున్నాడు.